నాన్నకి బీఎంఐ 22, నార్మలే కానీ మనిషి తగ్గిపోతున్నారు, ఏం చూడాలి?

నాన్నకి 72 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు, బీఎంఐ లెక్కేస్తే 22 వస్తోంది, 18.5 నుంచి 24.9 దాకా నార్మలే కదా అని ఇంట్లో అందరూ ధీమాగా ఉన్నారు, నాకు మాత్రం భయంగానే ఉంది. ఎందుకంటే పోయినేడు 70 కిలోలు ఉండేవారు, డైటింగ్ లాంటిదేం చేయలేదు. పొట్ట అలాగే ఉంది, తొడలు మాత్రం సన్నబడ్డాయి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. బీఎంఐలో కండ ఎంత కొవ్వు ఎంత అనేది తెలీదు కదా, పైగా వయసుతో ఎత్తు కూడా కొంచెం తగ్గుతుంది, అందుకే పాత ఎత్తు వేయకుండా మళ్లీ కొలిచాను. పెద్దవయసులో 25 దాటినా పర్లేదు, సన్నబడటమే ప్రమాదం అంటారు, నిజమేనా? డాక్టర్ దగ్గరికి ఈ వారమే తీసుకెళ్తున్నా, షుగర్, థైరాయిడ్ కాకుండా ఇంకేం టెస్టులు అడగాలి? ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.