‘జన్యు లోపం’ అంటే పుట్టుకతో వచ్చిందనేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రక్త క్యాన్సర్ రోగుల కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. రక్తం గానీ ఎముక మూలుగు గానీ తీసి చేసే క్రోమోజోమ్ పరీక్షలో తేడా కనబడితే ‘జన్యు లోపం’ అనేస్తున్నాం. మా అక్కకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు రిపోర్టులో ‘టి(9;22)’ అని ఉంది. అంటే 9వ క్రోమోజోము ముక్క 22వ దానికి, దాని ముక్క దీనికి అతుక్కున్నాయని. ఎవరో జన్యు లోపం అన్నారు. ‘నా కడుపులోనే తేడా వచ్చిందా’ అని అమ్మ ఎన్ని రాత్రులు ఏడ్చిందో! పిల్లలకూ వస్తుందేమోనని అక్కకు టెన్షన్. నిజానికి ఆ మార్పు పెద్దయ్యాక ఎప్పుడో మూలుగులోని ఒక కణంలో మొదలైంది. దాని నుంచి పుట్టిన కణాల్లోనే ఉంటుంది. దీనికి సరైన తెలుగు మాట చెప్పండి.

జవాబు 1:
శాస్త్ర పుస్తకాల్లో ‘ఆర్జిత’ అనే మాట ఉంది కదండీ, ఆర్జిత లక్షణాలు అంటాం.

జవాబు 2:
ఆర్జించడం అంటే సంపాదించుకోవడం. జబ్బుతో ఉన్న మనిషికి ఆ మాట చెప్పలేం. ‘సంక్రమించిన’ మరీ చిక్కు. ఆస్తీ సంక్రమిస్తుంది, అంటురోగమూ సంక్రమిస్తుంది. మనకు వద్దన్న రెండు అర్థాలూ అందులోనే ఉన్నాయి. ‘జన్యు’లో ఉన్నదే పుట్టుక, కాబట్టి మీ అమ్మగారు విన్నది తప్పు కాదు, మాటే అలా వినిపించింది. ‘నడమంత్రపు’ ఎలా ఉంటుంది? మధ్యలో వచ్చినది అనేగా అర్థం.

ప్రశ్న అడిగినవారు:
అర్థం అచ్చంగా సరిపోయిందండి. కానీ నడమంత్రపు సిరి అనగానే నిష్ఠూరం వినిపిస్తుంది. రోగి చేతిలో పెట్టే కాగితంలో ఆ ఛాయ వద్దు. ‘మధ్యలో వచ్చిన క్రోమోజోమ్ మార్పు’ అని రాస్తాను. ‘లోపం’ కూడా తీసేస్తాను.

జవాబు 3:
‘పుట్టు’ను మాత్రం వదలకండి. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము మూడుసార్లు ఉండటం పుట్టుకతో వచ్చేదే. ఆ పిల్లల్లో ల్యుకేమియా వచ్చే అవకాశం కూడా ఎక్కువ. పుట్టు మార్పు, మధ్యలో వచ్చిన మార్పు అని పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఇంకో మాట. 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు మీ అక్కగారి జబ్బులో చూసింది మామూలుకన్నా చిన్నగా ఉన్న ఒక క్రోమోజోమునే. అది ఫిలడెల్ఫియాలో కాబట్టి దానికి ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ అని పేరు. అది ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. మీరు రాసిన ‘ముక్క అతుక్కోవడం’ నాకు ఇలాంటి మార్పుకు వాడే ‘స్థానభ్రంశం’ కన్నా నచ్చింది. స్థానభ్రంశం అంటే కీలు తప్పడం గుర్తొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
‘ముక్కల మార్పిడి’ ఖాయం చేశాను. పరీక్షలో మామూలుగా విభజన దశలో ఉన్న 20 కణాలు చూస్తారు. మందు బాగా పనిచేశాక అక్క రిపోర్టులో ఆ 20లో ఒక్కదాంట్లోనూ ఆ మార్పు కనబడలేదు. పుట్టుకతో వచ్చిందైతే అలా మాయమవదు కదమ్మా అని అమ్మకు చెప్పాను. ఆ వాక్యాన్నే కరపత్రంలో మొదట పెడుతున్నాను.