‘కొత్తలు’ అన్న మాటకు అర్థం ఎక్కడ వెతకాలి?

సమూహ సభ్యులకు నమస్కారం. మన శ్రీకాకుళం, విజయనగరం మన్యంలో సవర, జాతాపు గిరిజనులు జరుపుకొనే కంది కొత్తలు, మామిడి కొత్తల ప్రస్తావన వచ్చినప్పుడు, ‘కొత్త పంటను తొలిసారి తినే పండుగ అని నిఘంటువులో రాస్తే సరిపోదా’ అని ఒక మిత్రులు అడిగారు. ఆ అర్థం తప్పు కాదు గాని, సగమే. కొత్తలు జరిగేదాకా చేతికందిన కందినైనా, చెట్టున ఉన్న మామిడినైనా ముట్టకూడదనీ, గ్రామదేవతకు సమర్పించిన తరువాతే తినాలనీ ఉన్న కట్టుబాటు కూడా ఆ మాటలో ఇమిడి ఉంది. నా దృష్టిలో అలా ఆగి ఉండడమే దానికి ప్రాణం.

1871లో మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ సంస్కృతిని నిర్వచిస్తూ, జ్ఞానం, విశ్వాసం, కళ, నీతి, చట్టం, ఆచారాలతో పాటు సమాజంలో సభ్యుడిగా మనిషి అలవరచుకొనే ఇతర సామర్థ్యాలూ అలవాట్లూ కలిసిన సముదాయమని అన్నారు. ఇందులో ‘అలవరచుకొనే’ అన్నది ముఖ్యం. కొత్తలకు ముందు కాయ కోయరాదన్న సంగతి ఏ బిడ్డకూ పుట్టుకతో రాదు. పెద్దలు వారిస్తుంటే, ఇరుగుపొరుగు ఆగుతుంటే చూసి నేర్చుకుంటుంది.

అందువల్ల మానవశాస్త్రవేత్తలు ప్రశ్నలు అడిగి ఊరుకోరు, ఆ మనుషుల మధ్య నివసిస్తారు. 1915 నుంచి 1918 వరకు రెండు విడతలుగా పసిఫిక్‌లో న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవులలో గడిపిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ, అక్కడివారి భాష నేర్చుకొని, ఊరి మధ్యనే గుడారం వేసుకొని, ‘కులా’ అనే కానుకల మార్పిడిని పరిశీలించారు. ఎర్రని గవ్వల హారాలు దీవుల వలయం చుట్టూ ఒక దిక్కుకూ, తెల్లని గవ్వల కడియాలు దానికి ఎదురు దిక్కుకూ ప్రయాణిస్తాయి. అందులో పాల్గొనేవారికి తమ భాగస్వాములెవరో, తమ మర్యాదలేమిటో బాగా తెలుసు గాని, మొత్తం వలయం రూపం ఏ ఒక్కరూ చెప్పలేకపోయారు. చెప్పినదీ చూసినదీ జతచేసి ఆయనే దాన్ని కూర్చుకోవలసి వచ్చింది. కొత్తల విషయంలోనూ అంతే: రోజును ఎవరు నిర్ణయిస్తారు, తొలి ముద్ద ఎవరిది, ముందే తిన్నవారిని ఊరు ఏమంటుంది, నియమంగా చెప్పిన దానికీ కళ్లెదుట జరిగిన దానికీ తేడా ఉందా అన్నవి ఒక్కరి నోట తేలేవి కావు.

భాషాప్రియులమైన మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. ఆచారాన్ని దాన్ని పాటించేవారి లెక్కలో చూడడం, బయటివారి కొలమానంతో చూడడం అనే భేదాన్ని 1954లో భాషావేత్త కెన్నెత్ పైక్ భాషాశాస్త్రం నుంచే తీసుకున్నారు. ఒక భాషలో రెండు ధ్వనులు వేరా, ఒకటేనా అన్నది ఆ భాష మాట్లాడేవారికి అర్థభేదం కలుగుతుందా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. ఆచారాల విషయంలోనూ అలాగే: ‘పంట కోత పండుగ’ అని బయటినుంచి పెట్టే పేరు కింద కంది కొత్తలు, మామిడి కొత్తలు ఒకటిగా కనబడినా, జరుపుకొనేవారికి అవి ఒకటేనా అన్నది వారినే అడగాలి.

ఈ శ్రద్ధకు మన ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, తెలుగు, సవర భాషలు రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం వైపు సభ్యులకు నా మనవి: కొత్తల గురించి రాసేటప్పుడు ఊరి పేరు, చెప్పినవారి వయసు, వారు వాడిన మాట ఉన్నదున్నట్టు రాయండి, మీరు స్వయంగా చూసినదాన్ని వేరుగా గుర్తించండి.