ఇంటి ఫోటోలకు ఏది నమ్మకం: ఒక ఎస్‌ఎస్‌డీనా, రెండు హార్డ్ డిస్కులా?

కోవూరు నుంచి:
నాన్నగారు తీసిన పాత ఫోటోలన్నీ స్కాన్ చేయించాను. పిల్లల ఫోటోలు, చెల్లెలి పెళ్లి ఫోటోలు కూడా కలిపితే 700 జీబీ దాకా ఉన్నాయి. అన్నీ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలోని రెండు ఆల్బమ్‌లు ముద్దయిపోయాయి. ఆ భయం ఇంకా పోలేదు. నా దగ్గర ఉన్న డబ్బుకు 1 టీబీ (1000 జీబీ) ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డ్రైవు, ఒకటి వస్తుంది, లేదా అంతే పరిమాణం గల మామూలు హార్డ్ డిస్కులు రెండు వస్తాయి. ఏది కొనమంటారు?

కావలి, పెళ్లి ఫోటోగ్రాఫర్:
ఎస్‌ఎస్‌డీ కొనండి. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఒక పెళ్లిలో కాపీ జరుగుతుండగా ఎవరి కాలో వైరుకు తగిలి నా డిస్కు బల్ల మీద నుంచి పడింది. టిక్కు టిక్కుమని రెండు నిమిషాలు కొట్టుకుని ఆగిపోయింది. ఆ పెళ్లి వారికి తలంబ్రాల ఫోటోలు ఇవ్వలేకపోయాను. పెళ్లికూతురి తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. వేగమూ ఎక్కువే: మీ 700 జీబీ హార్డ్ డిస్కుకు ఎక్కడానికి రెండు గంటలకు దగ్గరగా పడితే, మంచి ఎస్‌ఎస్‌డీకి అరగంట చాలు.

సింగరాయకొండ నుంచి:
ఈ డిస్కుల గొడవ ఎందుకు? గూగుల్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా.

ఒంగోలు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
సింగరాయకొండ మిత్రమా, ఉచితంగా ఎన్నైనా దాచుకునే సౌకర్యాన్ని గూగుల్ 2021 జూన్ 1తో ఆపేసింది. ఇప్పుడు మెయిలుతో కలిపి 15 జీబీయే ఉచితం. 700 జీబీకి ఏటేటా డబ్బు కట్టాలి. కట్టగలిగితే మంచిదే, కానీ అడిగిన ప్రశ్న అది కాదు.

కావలి వారి నష్టం పెద్దదే. కానీ అది పని మధ్యలో, జనం మధ్యలో జరిగింది. కోవూరు వారు అడుగుతున్నది బీరువాలో ఏళ్ల తరబడి ఉండే వస్తువు గురించి. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా దాచుకుంటుంది. కరెంటు తగలకుండా పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది, వేడికి మరింత త్వరగా పోతుంది. మే నెలలో మా ఒంగోలు ఇళ్లలో బీరువా ఎలా కాలుతుందో చెప్పనక్కర్లేదు.

అసలు సంగతి వేరు. పోయేది ఏదైనా పోతుంది. అది పోయిన రోజు రెండోది ఎక్కడ ఉంది? నేను పనిచేసిన బడుల గ్రూపు ఫోటోలను పదకొండేళ్లుగా పోగుచేస్తున్నాను. ఒక ఏడాది నా డిస్కు ఉన్నట్టుండి కంప్యూటర్‌కు కనిపించడం మానేసింది. రెండోది కనిగిరిలో మా చెల్లెలి ఇంట్లో ఉంది కాబట్టి ఒక్క ముఖం కూడా పోలేదు. సంక్రాంతికి ఆమె వచ్చేటప్పుడు ఆ డిస్కు తెస్తుంది, కొత్త ఫోటోలు ఎక్కించిన డిస్కును వెంట తీసుకెళుతుంది. వరదను కళ్లారా చూసిన మీరు ఒకే వస్తువును ఒకే ఇంట్లో పెట్టుకోవద్దు. రెండు హార్డ్ డిస్కులు కొనండి.

కావలి, పెళ్లి ఫోటోగ్రాఫర్:
మాస్టారూ, ఆవేశం కారిపోతుందన్నది నిజమే గానీ మీరు భయపెట్టినంత లేదు. మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాసి రాసి ఆయుష్షు మొత్తం అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీ కూడా 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారం నిలపాలి. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. అయితే రెండు ఇళ్ల మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు రెండో కాపీ ఉండి ఉంటే డిస్కు పడినా తలంబ్రాలు మిగిలేవి.

నెల్లూరు, కంప్యూటర్ మరమ్మతు:
ట్రంక్ రోడ్డు దగ్గర సందులో నాది చిన్న దుకాణం. పాడైన డిస్కు తెచ్చి ఏడ్చిన వాళ్లను చూశాను, అందుకే రాస్తున్నాను. హార్డ్ డిస్కు చాలాసార్లు ముందే చెబుతుంది: శబ్దం మారుతుంది, ఫైలు తెరవడానికి ఆలస్యమవుతుంది. ఆ క్షణమే కాపీ తీయాలి, మళ్లీ మళ్లీ పెట్టి చూడకూడదు. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండానే పోతుంది.

ఇంకొకటి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు 16 టీబీ అని కనిపించేది కొనకండి. అటువంటి దాన్ని విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు ఉంది. పెద్దదిగా కనిపించేలా మార్చి అమ్ముతారు. నిండాక కొత్త ఫోటోలు పాతవాటి మీద పడతాయి, పేర్లు మాత్రం అలాగే కనిపిస్తాయి. అసలైన 1 టీబీ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే మాత్రం మోసం అనుకోకండి, అది లెక్క పద్ధతిలో తేడా. కాపీ అయ్యాక డిస్కును కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. వైరస్ వస్తే కంప్యూటర్‌లోవీ డిస్కులోవీ కలిసి పోతాయి.

ఒంగోలు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
కాపీ అయిందని తెర చెప్పినంత మాత్రాన నమ్మవద్దు. అక్కడో ఫోటో, ఇక్కడో ఫోటో తెరిచి పెద్దది చేసి చూడండి. ఏడాదికోసారి మళ్లీ చూడండి.

కోవూరు నుంచి:
రెండు హార్డ్ డిస్కులే తీసుకున్నాను, నెల్లూరులో దుకాణానికి వెళ్లి బిల్లుతో. కావలి అన్నగారూ, మీ మాట గుర్తుంది: కాపీ జరిగినంతసేపూ డిస్కును నేల మీద, గోడ వారగా పెట్టి పిల్లలను ఆ గదిలోకి రానివ్వలేదు. నాన్నగారి ఫోటోలు ముందుగా ఎక్కించి తెరిచి చూశాను. మైపాడు ఒడ్డున అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడిన ఫోటో రెండు డిస్కుల్లోనూ ఉంది. ఒకటి ఆదివారం ఉదయగిరిలో అక్కయ్య ఇంటికి వెళుతుంది. ఇంకొకటి ఇక్కడే, ఈసారి పై అరలో.