ఆయిల్‌లో కూలెంటు కలిసింది: కడిగి నడపడమా, బేరింగులు విప్పి చూడడమా?

కాజీపేట లారీ
నాది 12 టైర్ల బండి, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుతాను. పది రోజులుగా రేడియేటరులో కూలెంటు తగ్గుతోంది, కింద మాత్రం చుక్క కనపడలేదు. తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోశాను. నిన్న ములుగు నుంచి లోడుతో వచ్చి, బండి చల్లారాక డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గీత దాటి పైకి ఉంది. రంగు పాలు ఎక్కువైన చాయ్.

మా మెకానిక్ ఆయిల్ కూలర్ (ఆయిల్‌ను కూలెంటుతో చల్లార్చే భాగం) పోయిందంటున్నాడు. అది మార్చి, డీజిల్‌తో రెండుసార్లు కడిగి, కొత్త ఆయిల్ పోస్తే చాలట. ఇంకొకరేమో ఆయిల్ చాంబరు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి క్రాంకు బేరింగులు చూడందే స్టార్ట్ చేయవద్దంటున్నారు. ఇది మిర్చి సీజను, కిస్తీ దగ్గర పడింది. ఎవరి మాట వినాలి?

పాత డ్రైవరు, ములుగు
కడిగి నడపండి. నా చేతిలోనే రెండు బండ్లకు ఇలా అయింది. ఆయిల్ తీసేశాం, డీజిల్ పోసి కాసేపు తిప్పాం, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు, అంతే. ఒకటి ఆ తర్వాత నాలుగేళ్ళు నడిచింది. చాంబరు దించాక ఏ మేస్త్రీ ఊరుకోడు. ఎలాగూ విప్పాం కదా అని లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు), రింగులు, పిస్టన్లు వరసగా చీటీ మీద రాస్తాడు.

ఆటోనగర్ మేస్త్రీ
చీటీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం పెద్దాయనా. మీ కాలంలో రేడియేటరులో ఉన్నవి ఉత్త నీళ్ళు. ఆయిల్‌లో కలిసినా ఇంజను వేడికి చాలావరకు ఆవిరయ్యేవి. ఇప్పుడు పోసేది ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటు. గ్లైకాల్ మరగాలంటే 197 డిగ్రీలు కావాలి, నడుస్తున్న బండిలో ఆయిల్ వేడి 100 చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి నీళ్ళు పోయినా గ్లైకాల్ మిగులుతుంది. అది వేడికి ఆమ్లంగా మారి బేరింగు లోహాన్ని తింటుంది. ఆయిల్‌లోని మందులతో కలిసి జిగురు కడుతుంది. ఆ జిగురుతో ఫిల్టరు మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే క్రాంకుకు వెళ్తుంది.

డీజిల్‌తో ఆ జిగురు పోదు, గ్లైకాల్ డీజిల్‌లో కరగదు. పైగా పల్చటి డీజిల్ మీద ఇంజను తిప్పితే, అసలే దెబ్బతిన్న బేరింగును ఇంకాస్త అరగదీసినట్టే. కడగాలంటే బ్యూటైల్ సెల్లోసాల్వ్ కావాలి, అది ఆయిల్‌తోనూ నీళ్ళతోనూ కలుస్తుంది.

కాజీపేట అన్నా, ముందు ఒక్క మాట చెప్పండి. రేడియేటరులో ఆయిల్ తేలుతోందా? ఇంజను నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి 50 పౌండ్ల దాకా ఉంటుంది, కూలెంటుది 15 దాటదు. కూలర్ చిల్లిపడితే నడుస్తున్నంతసేపూ ఆయిలే రేడియేటరులోకి పోతుంది. బండి ఆపాక ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది, కూలెంటు వేడి మీద ఇంకా ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడు అది ఇటు వస్తుంది. కూలర్ తప్పయితే రెండు వైపులా ఆనవాలు ఉండాలి.

గోదావరిఖని, ఆయిల్ పరీక్షలు
పాత ఆయిల్ పారబోయకముందే చిన్న సీసాలో పట్టి పెట్టండి. ల్యాబులో సోడియం, పొటాషియం పెరిగితే కూలెంటు కలిసినట్టు. సీసం, రాగి కూడా పెరిగితే బేరింగు తినేసినట్టు. అవి పెరగకపోతే విప్పనవసరం లేదని నా అభిప్రాయం. వేడి పెనం మీద ఆయిల్ చుక్క వేసి చిటపటలు వినే పరీక్ష నీళ్ళనే పడుతుంది, గ్లైకాల్‌ను పట్టదు.

పాత డ్రైవరు, ములుగు
ల్యాబు కాగితం వచ్చేలోపు మిర్చి సీజను అయిపోతుంది. ఆ సెల్లోసాల్వ్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి మరి.

ఆటోనగర్ మేస్త్రీ
రంగుల పనిలో వాడే ద్రావకమే అది. చేతికి తొడుగు వేసుకోండి, మూసిన షెడ్డులో వాడకండి.

కాజీపేట లారీ
రేడియేటరు మూత తీసి వేలు ముంచి చూశాను. ఆయిల్ జిడ్డు లేనే లేదు.

ఆటోనగర్ మేస్త్రీ
అయితే నా అనుమానం లైనర్ల కింది ఓరింగుల మీద, అంటే కూలెంటు ఆయిల్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు రింగుల మీద. హెడ్ గాస్కెట్ కూడా కావచ్చు. కూలర్ కొనకండి. ఆయిల్ తీసి, చాంబరు దించి, రేడియేటరు వైపు 15 పౌండ్ల గాలి పట్టించి, టార్చిలైటు వేసి కింద పడుకోండి. చుక్క ఎక్కడ పడితే తప్పు అక్కడ. దానికోసమైనా చాంబరు దించాల్సిందే కదా, ఇక బేరింగు మూతలు విప్పడం కొన్ని గంటల పని.

కాజీపేట లారీ
దించాం. గాలి పట్టించాక చాలాసేపు ఏమీ కనపడలేదు, మా మెకానిక్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాలుగో లైనరు కింద చుక్క మెరిసింది. ఓరింగు గట్టిపడి చిట్లింది. బేరింగుల్లో రెండు సెల్లులకు (క్రాంకును పట్టి ఉంచే సగం గుండ్రటి రేకులకు) పైపూత పోయి రాగి రంగు బయటపడింది, క్రాంకుకు మాత్రం గీత పడలేదు. డీజిల్‌తో కడిగి లోడెత్తి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోదలచుకోలేదు. సెల్లులన్నీ మారుస్తున్నాం.

పాత డ్రైవరు, ములుగు
సరే, అది నా మాట మీద పోయేది, ఒప్పుకుంటాను. రింగులు, పిస్టన్లు రాశాడా లేదా?

కాజీపేట లారీ
రాశాడు. కొట్టేయించి, ఆరు లైనర్ల ఓరింగులకు మాత్రం ఒప్పుకున్నాను.