థీసిస్ సగంలో బిబ్‌టెక్ వదిలి బిబ్‌లేటెక్‌కి మారొచ్చా?

థీసిస్‌లో_ఉన్నా
అందరికీ నమస్కారం. లేటెక్‌లో (కమాండ్లతో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) థీసిస్ రాస్తున్నాను. రిఫరెన్సుల వివరాలు దాచుకునే బిబ్ ఫైల్లో 312 ఎంట్రీలున్నాయి, సబ్మిట్ చెయ్యడానికి ఇంకా నాలుగు నెలల టైముంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన టెంప్లేట్, ఆ ఫైలు నుంచి రిఫరెన్సుల జాబితా తయారుచేసే బిబ్‌టెక్, సైటేషన్లు పెట్టే నాట్‌బిబ్‌లతో నడుస్తుంది. నాకు రెండు చోట్ల ఇబ్బందిగా ఉంది. తెలుగు లిపిలో రాసిన రచయితల పేర్లకి ఇనీషియల్ రావాల్సిన చోట ఏదో పిచ్చి గుర్తు వస్తోంది. ఇంకోటి, రచయిత దగ్గర వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ అని పెడితే జాబితాలో "ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్." అని పడింది, గైడ్ దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపారు. అదే పని చేసే కొత్త జంట బిబ్‌లేటెక్, బైబర్‌లకి మారితే ఇవి పోతాయా? ఈ దశలో మారడం మంచిదేనా?

పాతకంపోజిటర్
మారొద్దు. రెండోదానికి అసలు మారే పనే లేదు. ఆ సంస్థ పేరుకి ఇంకో జత ఫ్లవర్ బ్రాకెట్లు వెయ్యండి, అప్పుడు అది మనిషి పేరు కాదని, విడగొట్టకూడదని బిబ్‌టెక్‌కి తెలుస్తుంది. బైబర్‌కి వెళ్లినా ఆ బ్రాకెట్లు వెయ్యాల్సిందే. మొదటిదానికి బిబ్‌టెక్‌యు అని యూనికోడ్ తెలిసిన రకం ఉంది, లేటెక్‌తో పాటు అన్నీ కలిపి వచ్చే టెక్ లైవ్‌లోనే ఉంటుంది, ముందు అది ప్రయత్నించండి.

నేను జర్నళ్లకి పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. బిబ్‌టెక్ 1985లో వచ్చింది, 1988 తర్వాత దాని నడక దాదాపు మారలేదు. ఎప్పుడో రాసిన ఫైలు ఇవాళ తెరిచి నడిపినా అదే జాబితా వస్తుంది. బిబ్‌లేటెక్ వెర్షనుకీ బైబర్ వెర్షనుకీ జత కుదరకపోతే పని అక్కడే ఆగిపోతుంది. చివర్లో ఏవైనా రెండు మూడు తప్పులు మిగిలితే తయారైన జాబితా ఉండే బీబీఎల్ ఫైలు తెరిచి చేత్తో దిద్దుకోండి, పది నిమిషాల పని.

మూలపాఠం
పైన చెప్పిన బ్రాకెట్ల సంగతి నిజమే. కానీ బీబీఎల్‌ని చేత్తో దిద్దమని ఒక స్టూడెంట్‌కి చెప్పడం చాలా తప్పు సలహా. అది బిబ్‌టెక్ పుట్టించే ఫైలు. మళ్లీ ఒక్కసారి నడిపితే దిద్దినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

నాకు జరిగింది చెబుతాను. ఒక వ్యాసంలో రాత్రంతా కూర్చుని బీబీఎల్‌లో 41 దిద్దుబాట్లు చేశాను. మూలకాలు, వ్యాధుల పేర్లలో పెద్దక్షరాలన్నీ చిన్నవైపోయాయి, వాటిని ఒక్కొక్కటిగా సరిచేశాను. తెల్లారి సహరచయిత ఒక్క సైటేషన్ కలిపి మొత్తం మళ్లీ నడిపాడు. పాత జాబితా వచ్చేసింది. అదే జర్నల్‌కి వెళ్లిపోయింది, అలాగే అచ్చయింది. అవి బిబ్ ఫైల్లోనే బ్రాకెట్లలో పెట్టి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

ఇక ఇనీషియల్ సంగతి. పాత బిబ్‌టెక్ అక్షరాన్ని చూడదు, బైట్‌ని చూస్తుంది. యూటీఎఫ్-8లో ఒక తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అందులో మొదటిది మాత్రం తీసుకుని చుక్క పెడుతుంది. మీకు కనిపించే పిచ్చి గుర్తు అదే. బైబర్ మొదటి నుంచీ యూనికోడ్ మీద కట్టినది, అక్షరక్రమం కూడా యూనికోడ్ పద్ధతిలోనే పెడుతుంది.

చుక్కగీత
జోటెరో వాడండి, ఏ గొడవా ఉండదు.

మూలపాఠం
జోటెరో ఎంట్రీలు దాచిపెడుతుంది, లేటెక్‌లో జాబితా పేర్చేది మళ్లీ ఈ రెండింటిలో ఏదో ఒకటే. అడిగిన ప్రశ్న అది కాదు.

పాతకంపోజిటర్
41 దిద్దుబాట్లు చేతిలో చేసింది మీరు, మళ్లీ నడిపింది మీ సహరచయిత, తప్పు బిబ్‌టెక్‌దా? చివర్లో అన్నాను నేను. చివర్లో అంటే ఇక ఎవరూ నడపనప్పుడు.

నాది కూడా వినండి. ఒక రచయిత బిబ్‌లేటెక్‌లో రాసి బీబీఎల్‌తో సహా పంపారు. మా దగ్గర ఉన్న టెక్ లైవ్ ఏడాది పాతది. ఈ బీబీఎల్ ఫార్మాట్ వెర్షన్ వేరు అని చెప్పి ముందుకి కదల్లేదు. బిబ్ ఫైలు పంపలేదు. రచయిత సెలవులో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. 96 రిఫరెన్సులు పీడీఎఫ్ చూసుకుంటూ మళ్లీ టైప్ చేశాం. బిబ్‌టెక్ ఇచ్చే బీబీఎల్ అయితే మామూలు లేటెక్ ముక్క, ఎక్కడ పెట్టినా తెరుచుకుంటుంది.

రెండోఅచ్చు
లేటెక్‌కి బదులు వాడే టైప్‌స్ట్‌లో ఇవేవీ లేవు, బిబ్ ఫైలు అలాగే చదువుతుంది, సీఎస్‌ఎల్ అనే రిఫరెన్సు స్టైల్ ఫైలు పెడితే సరిపోతుంది. ఊరికే చెబుతున్నా.

మూలపాఠం
మీ దగ్గర టెక్ లైవ్ పాతదైతే అది మీ సమస్య. ఏటా కొత్తది వస్తుంది, పెట్టుకోండి. మీ వీలు కోసం అందరం 1988లో ఆగిపోవాలా? స్టైలు మార్చడం సంగతి చూడండి. బిబ్‌టెక్ స్టైలు ఉండే బీఎస్‌టీ ఫైలు ఎప్పుడైనా తెరిచారా? విలువలు ముందు పెట్టి, చెయ్యాల్సిన పని వెనక చెప్పే స్టాక్ భాష అది. సంవత్సరం చుట్టూ బ్రాకెట్లు తీసెయ్యడానికి నేను ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. బిబ్‌లేటెక్‌లో ఆ పని మామూలు లేటెక్ మాక్రోతో రెండు లైన్లు.

పాతకంపోజిటర్
బీఎస్‌టీ తెరిచారా అని నన్ను అడుగుతున్నారా? రోజూ తెరుస్తాను. రచయితలు స్టైలు మార్చకూడదనే కదా జర్నల్ వాళ్లు తమ బీఎస్‌టీ తామే ఇచ్చేది! మీకు రెండు లైన్లలో మార్చుకునే వీలుంది కాబట్టి ప్రతి ఒక్కరూ తమకు నచ్చినట్టు మార్చి మా మీద పడేస్తారు. మీ సొంత అందాలన్నీ పీకి పారెయ్యడానికి మాకు రోజులు పడుతున్నాయి. మీకు తెలియదు.

మూలపాఠం
పీకడం మీ పని, దానికే మీకు జీతం. ఒకే వ్యాసం తిరస్కరించిన ప్రతిసారీ కొత్త జర్నల్‌కి కొత్త ఫార్మాట్‌లో పెట్టడానికి మాకు ఎవరూ ఒక్క పైసా ఇవ్వరు. కామా ఇక్కడ, సంపుటి బోల్డ్‌లో అక్కడ. చదివేవాడికి మూలం దొరికితే చాలు కదా.

సూచిక
ఇద్దరూ కొంచెం తగ్గండి. అడిగిన అమ్మాయో అబ్బాయో భయపడి పారిపోతారు.

పాతకంపోజిటర్
తగ్గను, ఎందుకంటే ఇప్పుడు అసలు మాట వచ్చింది. మూలం దొరికితే చాలన్నారు. దొరకడం లేదు, అదే నా బాధ. కామాల కోసం నేనెప్పుడూ ఎవరితోనూ పోట్లాడలేదు, కామా నేను వేసుకుంటాను. పేజీ నంబర్లు లేని ఎంట్రీ పంపితే వాటిని నేను ఎక్కడి నుంచి తేవాలి? సదస్సులో వచ్చిన పేపర్‌ని జర్నల్ వ్యాసంగా పెడితే జర్నల్ పేరు ఏమని నింపాలి? వెతికిన సైటులో బటన్ నొక్కగానే వచ్చిన ఎంట్రీని ఒక్కసారి కూడా చదవకుండా అతికిస్తారు. ఆ వ్యాసం చూసింది రచయిత, నేను కాదు. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా ఆ పని రచయితదే.

మూలపాఠం
దీన్ని నేను కాదనడం లేదు. కానీ మీరు మూడు రోజులు కూర్చుని ఆ పేజీ నంబర్లు వెతికి నింపుతారు కదా, ఎక్కడ నింపుతారు? బీబీఎల్‌లో. అది అచ్చవుతుంది. నా బిబ్ ఫైల్లో తప్పు తప్పుగానే ఉండిపోతుంది. వచ్చే ఏడాది అదే ఎంట్రీ ఇంకో వ్యాసంలో పెడతాను, నా స్టూడెంట్‌కి ఆ ఫైలు ఇస్తాను, వాళ్లు ఇంకొకరికి ఇస్తారు. మీ కష్టమంతా ఒక్క వ్యాసంతో ఆగిపోతుంది. చేత్తో దిద్దొద్దని నేను మొదటి నుంచీ అరుస్తున్నది దీని గురించే, బైబర్ గొప్పదనం గురించి కాదు.

పాతకంపోజిటర్
దిద్దినవి రచయితకి తిరిగి పంపే ఏర్పాటు మా దగ్గర లేదు. ప్రూఫు వెళుతుంది, అందులో ఏం మారిందో ఎవరూ వాళ్ల ఫైలుతో పోల్చి చూసుకోరు. ఇది ఒప్పుకుంటున్నాను. మా వాళ్లతో మాట్లాడి, మార్చిన ఎంట్రీల వరకైనా విడిగా పంపగలమేమో చూస్తాను.

అయినా థీసిస్ సగంలో మారమని మాత్రం చెప్పను.

సూచిక
ఒకటి కలుపుతాను. ఖాళీ ఫీల్డుల గురించి బిబ్‌టెక్ ప్రతిసారీ హెచ్చరిస్తుంది, ఈ ఎంట్రీలో జర్నల్ పేరు ఖాళీగా ఉంది అని. ఆ హెచ్చరికలుండే బీఎల్‌జీ ఫైలు తెరిచి చూసేవాళ్లే తక్కువ. బైబర్‌లో అయితే ఎంట్రీలో ఉండాల్సిన ఫీల్డులు ఉన్నాయో లేదో చూసే డేటామోడల్ తనిఖీ అని ఆప్షన్ ఉంది, విడిగా ఆన్ చెయ్యాలి.

మూలపాఠం
అవును, చాలామంది ఆన్ చెయ్యరు. మారాలనుకుంటే మాత్రం బిబ్‌లేటెక్‌లో నాట్‌బిబ్ ఆప్షన్ పెట్టుకోండి, ఇప్పటిదాకా రాసిన సైట్-టీ, సైట్-పీ కమాండ్లు అలాగే పనిచేస్తాయి. ముందు ఒక్క అధ్యాయం కాపీ తీసి అందులో చూసుకోండి.

థీసిస్‌లో_ఉన్నా
అందరికీ థాంక్స్ అండీ, అన్నీ చదివాను. సంస్థ పేరు బ్రాకెట్లతో సరిపోయింది. సూచిక గారు చెప్పాక మూడేళ్లలో మొదటిసారి బీఎల్‌జీ తెరిచాను. 57 హెచ్చరికలున్నాయి. ఎక్కువ పేజీ నంబర్లవే. వాటిని చూస్తుంటే ఇంకోటి కనబడింది, ఒకే వ్యాసం రెండు వేరే కీలతో (ఎంట్రీని పిలిచే పేర్లతో) రెండుసార్లు ఎక్కించాను, జాబితాలో 2014ఎ, 2014బి అని రెండు వ్యాసాల్లాగా వస్తోంది, రెండో అధ్యాయంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి రెండు వేర్వేరు వ్యాసాలు ఇదే తేల్చాయన్నట్టు రాశాను. ఆ పేరా మొత్తం మార్చాలి.

మారడం గురించి గైడ్‌ని అడిగి వచ్చే వారం చెబుతాను. ఈ వారం ఆ 57 చూస్తాను, బిబ్ ఫైల్లోనే.

పాతకంపోజిటర్
డీఓఐ (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్నవాటితో మొదలుపెట్టండి, తొందరగా అవుతాయి. డీఓఐ లేని పాత పుస్తకాలకి ప్రచురణ వివరాలుండే లోపలి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, మళ్లీ లైబ్రరీకి వెళ్లే పని తప్పుతుంది.