మారిషస్ రూపాయి, సీషెల్స్ రూపాయి: సమాన విలువ ఎప్పుడు చెదిరింది?

నాణేలసంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన మా మేనమామ నాకిచ్చిన నాణేలలో ఒక మారిషస్ రూపాయి, ఒక సీషెల్స్ రూపాయి ఉన్నాయి. రెండూ 1970ల తొలి సంవత్సరాలవి, రెండింటి మీదా ఎలిజబెత్ రాణి బొమ్మే. ఆ రోజుల్లో ఈ రెండూ సరిసమానమని ఆయన చెబుతారు. ఈమధ్య మాత్రం ఒక సీషెల్స్ రూపాయికి దాదాపు మూడు మారిషస్ రూపాయలు ఇవ్వవలసి వస్తోంది. మారిషస్ జనాభాలోనూ వ్యాపారంలోనూ ఎంతో పెద్దది కదా, మరి దాని రూపాయే ఎందుకు చిన్నబోయింది?

పాతలెక్కలు

మీ మేనమామగారు చెప్పినది నిజమేనండీ. సీషెల్స్ 1903లో వేరు వలసరాజ్యం అయ్యేదాకా మారిషస్ పాలన కిందే ఉండేది, అక్కడ చెల్లినదీ మారిషస్ డబ్బే. ఆ మారిషస్ రూపాయి కూడా 1877లో మన రూపాయికి సమానంగా మొదలైనదే. చెరకు తోటల పనికి వెళ్ళినవారి వల్ల (కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్ళూ వారిలో ఉన్నారు) భారత రూపాయి ఆ దీవిలో అప్పటికే అలవాటైపోయింది. సీషెల్స్ తన పేరుతో నోట్లు అచ్చువేసుకున్నది 1914లో, నాణేలు ముద్రించుకున్నది 1939లో; పేరు మారింది గానీ విలువ మారలేదు.

1934లో మారిషస్ రూపాయిని భారత రూపాయి నుంచి విడదీసి, రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల లెక్కన బ్రిటిష్ పౌనుకు ముడిపెట్టారు. అంటే 20 షిల్లింగుల పౌనుకు 13 రూపాయల 33 సెంట్లు. సీషెల్స్‌దీ అదే లెక్క. 1966 జూన్‌లో భారత్ తన రూపాయి విలువ తగ్గించినప్పుడు ఈ రెండూ కదలలేదు. 1967 నవంబరులో బ్రిటన్ పౌను విలువ తగ్గించినప్పుడు మాత్రం రెండూ దానితోపాటే దిగాయి. ఆ తరువాత మారిషస్ రూపాయి బలహీనపడుతూ, సీషెల్స్ రూపాయి బలపడుతూ వచ్చాయి.

విశ్రాంత బ్యాంకరు

పాతలెక్కలు గారి చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. ఈ రెండూ 1976లో విడిపోయాక తొలి మూడేళ్ళలో జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం, ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేదీ అదే.

1976 జనవరిలో మారిషస్ పౌనును వదిలి, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కొన్ని ప్రధాన కరెన్సీల విలువలను కలిపి వాడే లెక్కల ప్రమాణమైన ఎస్‌డీఆర్‌కు 7.713759 రూపాయలుగా తన విలువను నిర్ణయించుకుంది. ఇన్ని దశాంశాలు ఎందుకంటే, నాటి పౌను ధరను బట్టి పాత 13.33ను యథాతథంగా ఎస్‌డీఆర్‌లోకి మారిస్తే వచ్చిన అంకె అది. అందుచేత ఆ రోజున సీషెల్స్ రూపాయితో సమానత్వం చెదరలేదు. రెండూ వేరువేరు గుంజలకు కట్టుబడ్డాయి, అంతే. అదే ఏడాది పౌను బాగా పడిపోయింది. జూన్ 29న స్వతంత్రమైన సీషెల్స్ ఇంకా పౌనునే పట్టుకుని ఉన్నందువల్ల దాని రూపాయీ పడింది. 1976 చివరికి ఒక సీషెల్స్ రూపాయి మారిషస్ డబ్బులో సుమారు 85 సెంట్లకే సరిపోయేది.

తిరగబడింది 1979లో. 1970ల నడుమ ఎగబాకిన చక్కెర ధరలు దిగిపోయాక మారిషస్ విదేశీ చెల్లింపుల ఇబ్బందిలో పడి, 1979 అక్టోబరులో ఎస్‌డీఆర్‌కు 10 రూపాయలకు, 1981 సెప్టెంబరులో 12 రూపాయలకు తన విలువను దించుకుంది. ఇదే కాలంలో సీషెల్స్ తానూ ఎస్‌డీఆర్‌కు మారి మొదట 8.3197 అని, 1981 మార్చిలో రూపాయి విలువను ఏకంగా 15 శాతం పెంచి 7.2345 అని ప్రకటించింది. భాగించి చూడండి: 1979 చివరికి ఒక సీషెల్స్ రూపాయికి 1.20, 1981 చివరికి 1.66 మారిషస్ రూపాయలు. రెండేళ్ళలోపే ఇంత తేడా.

నాణేలసంచి

కృతజ్ఞతలండీ, దశాంశాల గుట్టు చాలా బాగుంది. అయితే సీషెల్స్ రూపాయి అప్పటినుంచీ పెరుగుతూనే వచ్చిందనుకోవచ్చా?

ఒకప్పటి విక్టోరియావాసి

కాగితం మీద పెరిగిందండీ. 2000 ప్రాంతంలో అధికారిక ధరల ప్రకారం ఒక సీషెల్స్ రూపాయికి నాలుగున్నర మారిషస్ రూపాయలు రావాలి. కానీ ఆ ధరకు డాలర్లు దొరికితే కదా! బ్యాంకులో దరఖాస్తు పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి, లేదా బయట దాదాపు రెట్టింపు ఇచ్చుకోవాలి. పర్యాటకులు హోటలు బిల్లును విదేశీ డబ్బులోనే కట్టాలన్న నిబంధన కూడా ఉండేది. మారిషస్ మాత్రం 1994లోనే విదేశీ మారకంపై ఆంక్షలను ఎత్తివేసింది కాబట్టి, దాని తక్కువ ధరే నిజమైన ధర.

2008 అక్టోబరులో సీషెల్స్ 23 కోట్ల డాలర్ల విదేశీ బాండ్లపై చెల్లింపులు నిలిపివేసి ఐఎంఎఫ్‌ను ఆశ్రయించింది, నవంబరులో రూపాయిని మార్కెట్‌కు వదిలింది. డాలరుకు 8 ఉన్నది కొన్ని నెలల్లోనే 16 దాకా వెళ్ళింది. అప్పుడు ఒక సీషెల్స్ రూపాయికి మారిషస్ డబ్బులో రెండే. తరువాత అది కొంత కోలుకుని, 2020లో పర్యాటకులు రాక మళ్ళీ కూలి, మళ్ళీ లేచింది. ఈలోగా మారిషస్ రూపాయి డాలరుకు ముప్పై చిల్లర నుంచి నలభై అయిదు దాకా నెమ్మదిగా జారింది. మీరు చెప్పిన మూడు అలా వచ్చిందే. దేశం పెద్దదా చిన్నదా అన్న దానితో ఈ అంకెకు సంబంధం లేదు.

ఇంకొక మాట. ఈ రెంటినీ నేరుగా మార్చేచోట్లు అరుదు. సాధారణంగా ఒకదానిని డాలర్లో యూరోలో చేసుకుని, వాటితో రెండవది కొనుక్కోవాలి, రెండుచోట్లా కమిషను పోతుంది. మేము సీషెల్స్ రాజధాని విక్టోరియా నుంచి పోర్ట్ లూయీకి వెళ్ళినప్పుడల్లా సీషెల్స్ నోట్లను ఇంట్లోనే వదిలి వెళ్ళేవాళ్ళం.