ప్లే స్టోర్‌లో పెట్టి మూడు నెలలు, అమ్ముడుపోయినవి 11. ఇది మామూలేనా?

బత్తాయి_నల్గొండ
అందరికీ నమస్తే. బత్తాయి తోటలు పట్టే వ్యాపారుల కోసం లెక్కల యాప్ చేశాను. టన్ను రేటు, తరుగు, హమాలీ, లారీ కిరాయి, రైతుకిచ్చిన అడ్వాన్సు కొడితే ఇంకా ఎంత ఇవ్వాలో చూపిస్తుంది. డ్యూటీ నుంచి వచ్చాక రాత్రుళ్ళు కూర్చుని ఆరు నెలలు చేసిన పని. ధర ₹99. మూడు నెలల్లో 11 పోయాయి, అందులో ఆరు మా చుట్టాలవే, ఒకాయన కొన్న గంటకే రిఫండ్ తీసుకున్నాడు. నెలకు రెండు వందలైనా పోతాయనుకున్నా. లోపం యాప్‌లో ఉందా, నా లెక్కలో ఉందా?

పాలమూరు_కోడర్
లెక్కలోనే తమ్ముడూ. పది మిగిలాయి కదా, 15 శాతం కమీషన్ పోను నీకొచ్చేది ₹841 చిల్లర. ఖాతా తెరవడానికి కట్టిన 25 డాలర్లే రెండు వేల పైచిలుకు. అది ఒక్కసారే కట్టేది కాబట్టి సరే, ఐఫోన్‌లో పెడితే ఏటా 99 డాలర్లు కట్టుకుంటూ పోవాలి. మన దగ్గర డబ్బులిచ్చి యాప్ కొనే అలవాటే తక్కువ. పదిమంది కొన్నారంటే నాకైతే ఎక్కువే అనిపిస్తోంది.

నాది జీకే క్విజ్ యాప్, ఫ్రీ, యాడ్స్ మీద నడుస్తుంది. 2023 జులై 1న గ్రూప్-4 పరీక్ష ఉంది కదా, జూన్‌లో రోజూ డౌన్‌లోడ్లు చూసుకుని ఉద్యోగం మానేద్దామా అని కూడా అనుకున్నా. నిజంగా. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నా. జులై 2 నుంచి ఒక్కడు తెరిస్తే ఒట్టు. యాడ్స్ డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌మాబ్‌లో 100 డాలర్లు దాటితేనే చేతికిస్తారు, ఆ వంద నిండడానికి నాకు 14 నెలలు పట్టింది. అంతకుముందే 10 డాలర్లు దాటగానే అడ్రస్ సరిచూడటానికి పిన్ నంబరుతో ఉత్తరం వస్తుంది. మా ఊరికి అది వచ్చేసరికి ఐదు వారాలు. మా నాన్న దాన్ని కోర్టు నోటీసు అనుకుని బీరువాలో దాచాడు, అదింకో నాలుగు రోజులు.

దేవరకొండ_77
నేను ఇంకా అక్కడిదాకా కూడా రాలేదు అన్నా. కొత్త పర్సనల్ ఖాతా కదా, ప్లే స్టోర్‌లో పెట్టే ముందు యాప్ వాడి చూసే టెస్టర్లు 12 మంది వరుసగా 14 రోజులు ఉండాలంటున్నారు. మా బాబాయి తొమ్మిదో రోజు చెప్పాపెట్టకుండా బయటికొచ్చేశాడు, మళ్ళీ మొదటికొచ్చింది. మొదట్లో 20 మంది కావాలనేవారట, వాళ్ళు ఎట్లా తిప్పలు పడ్డారో.

మిల్లు_గుమస్తా
మిర్యాలగూడ నుంచి. నాకు ప్లే స్టోర్‌లో అమ్మకాలు సున్నా, ఎందుకంటే అక్కడ పెట్టనే లేదు. రైస్ మిల్లుల్లో లారీ లోపలికొచ్చిన టైము, కాటా బరువు, తేమ శాతం రాసుకునే చిన్న యాప్. ఏడు మిల్లులు, ఒక్కో మిల్లు ఏడాదికి ₹6,000. అంటే 42 వేలు, నెలకు మూడున్నర వేలు, జీతం అనుకోకండి. పైగా సీజన్లో రాత్రి పదకొండుకు ఫోన్, 'బాబూ మొత్తం పోయింది' అని, తీరా చూస్తే నెట్ ఆఫ్ చేసి ఉంటుంది. మొదటి మిల్లులో 20 రోజులు కాటా పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా. తేమ చూశాకే రేటు చెప్తారని, ఆ గడి బరువు కంటే ముందుండాలని అక్కడే తెలిసింది.

బత్తాయి_నల్గొండ
అయితే కొన్నాళ్ళు ఫ్రీ చేసి, జనం అలవాటు పడ్డాక మళ్ళీ 99 పెట్టనా?

పాలమూరు_కోడర్
ఆగు ఆగు! ఒకసారి ఫ్రీ చేస్తే అదే యాప్‌ని మళ్ళీ పెయిడ్ చేయనివ్వరు. ఫ్రీ చేసి లోపల ఏదైనా అమ్ముకోవాల్సిందే. ఇంకోటి, ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు మార్చాలి, 2025 ఆగస్టు 31 నుంచి అప్‌డేట్ పెట్టాలంటే ఆండ్రాయిడ్ 15 టార్గెట్ ఉండాలన్నారు. పది కాపీలు పోయినా, పదివేలు పోయినా ఆ చాకిరీ ఒకటే.

వనపర్తి_చిన్నోడు
ఫ్రెండ్స్‌తో యాడ్స్ నొక్కించొద్దు. నేను హాస్టల్లో ఇరవై మందితో నొక్కించా, మూడో రోజు ఖాతా పోయింది. ఇంతకు మించి చెప్పను, సిగ్గు.

బత్తాయి_నల్గొండ
నిన్న పొద్దున మార్కెట్‌కి పోయి ఒక కమీషన్ ఏజెంట్ పక్కన రెండు గంటలు కూర్చున్నా. యాప్ చూసి బాగుందన్నాడు, 'మరి రైతు చేతికి చీటీ ఏది?' అన్నాడు. ఫోన్‌లో చూపిస్తే రైతు నమ్మడట, కాగితం కావాలట. చీటీ వస్తే నెలకు 300 ఇస్తానన్నాడు. రాత్రి బ్లూటూత్ ప్రింటర్ తెచ్చి కొడితే తెలుగు మొత్తం డబ్బాలు డబ్బాలుగా వస్తోంది. ఎవరైనా చేశారా?

మిల్లు_గుమస్తా
వాటిలో తెలుగు ఫాంట్ ఉండదు. చీటీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపు, వస్తుంది. కాస్త మెల్లగా వస్తుంది అంతే. నా కోడ్ ఉంది, మెసేజ్ పెట్టు.